ఓక్ స్ట్రీట్ బడి

బెల్‌ఫోర్డ్, అయోవా
ఫిబ్రవరి 1981

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి జవాబు రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. ప్రతిసారీ సగంలో లేచిపోయాను. ఈ మధ్య ఏ పనీ కుదురుగా చెయ్యలేకపోతున్నాను. మంచు వల్ల అనుకుందామంటే, ఈ ఊళ్లో ఇది మాకు మొదటి చలికాలమేమీ కాదు.

ఊరంతా ఒకటే మాట. రేణు చదివే ఓక్ స్ట్రీట్ స్కూలు మూసేస్తారట. పిల్లలు తగ్గిపోయారు, బిల్డింగ్ పాతబడింది, ఉన్నవాళ్లని బస్సులో ఊరి అవతలి స్కూల్‌కి పంపిస్తాం అని స్కూల్ బోర్డు వాళ్లు అంటున్నారు. నేను అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ పనిచేస్తున్నానని మీకు తెలుసుగా. పాల డబ్బాలు విప్పడం, కోట్ల జిప్పులు పైకి లాగడం, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టడం. గుంటూరులో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని ఇక్కడ ఈ పని చేస్తున్నానని మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు అది పోయింది. కాలేజీ అపార్ట్‌మెంట్లలో ఉండే విదేశీ విద్యార్థుల పిల్లలంతా ఈ స్కూల్‌కే వస్తారు. ఇరాన్ పిల్లలు, నైజీరియా పిల్లలు, మన రేణు.

మొన్న జిమ్‌లో మీటింగ్ పెట్టారు. ఎందుకు లేచానో తెలియదు, లేచాను. తైవాన్ నుంచి వచ్చిన ఒక పిల్లాడు క్రిస్మస్ దాకా నోరు విప్పలేదనీ, ఇప్పుడు లైన్‌లో ముందు నిలబడటానికి ఇంగ్లీషులో పోట్లాడుతున్నాడనీ చెప్పాను. వాణ్ని ఇంకో చోటికి పంపిస్తే మళ్లీ ఎన్నాళ్లకి పోట్లాడతాడని అడిగాను. జనం నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. రేణు మాత్రం కార్‌లో మొహం తిప్పుకుని కూర్చుంది. "మమ్మీ, ఎవ్రీబడీ నిన్నే చూశారు. ఐ వాంటెడ్ టు డై" అంది.

మీ తమ్ముడు ఆ మీటింగ్‌కి రాలేదు. లాబ్‌లో పనుందన్నారు. కాలేజీలో ఆయన ఉద్యోగం పర్మనెంట్ చేసే విషయం, అదే టెన్యూర్, ఈ వసంతంలో తేలాలి. అడిగితే "కమిటీ ఇంకా కూర్చోలేదు" అంటారు. అన్నం తింటూ తింటూ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడతారు. ఆదివారాలు మీతో ఫోన్‌లో మాట్లాడతారు కదా, మీతో ఏమైనా అన్నారా?

అన్నయ్యగారికి నా నమస్కారాలు.

పద్మిని


నోవై, మిషిగన్
ఏప్రిల్ 1981

పద్మినీ,

క్లినిక్‌లో ఇద్దరు పేషెంట్ల మధ్య రాస్తున్నాను. ఇక్కడ చెవి నొప్పుల సీజను నడుస్తోంది. ప్రతి గదిలోనూ ఒక పిల్లాడు అరుస్తున్నాడు, కాబట్టి నా రాత కుదరకపోతే ఏమీ అనుకోకు.

సూర్యం గురించి నువ్వు అంతగా బెంగపడకు. వాడిది చిన్నప్పటి నుంచీ దిగులు మొహమే. పరీక్షలో ఫస్టు వచ్చినా ఎవరో పోయినట్టు ఇంటికి వచ్చేవాడు. నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు.

స్కూలు సంగతి చదివాను. నీ మనసు మంచిదే. కానీ నువ్వు అందులో మరీ లోతుకు దిగకు. మాట్లాడావు, బాగుంది, ఇక చాలు. అక్కడి వాళ్లే చూసుకుంటారు. ఈ వేసవి దాకా కొత్తగా ఏదీ నెత్తిన పెట్టుకోకు. ముందు గదికి కొత్త కర్టెన్లు కుడతానన్నావు, అవి కూడా ఇప్పుడేం తొందర? ఆగు.

మీ అన్నయ్యగారు కులాసాగా ఉన్నారు. ఇంట్లో ఎక్కువసేపు ఉంటున్నారు. గరాజ్ సర్దుతున్నారు.

రేణుకి ముద్దులు. దానికి తెలుగు మాట్లాడమని చెప్పు. ఫోన్‌లో "హాయ్ అత్తయ్యా, బై అత్తయ్యా" తప్ప ఏమీ వినపడదు.

వదిన


బెల్‌ఫోర్డ్
జూన్ 1981

వదినగారికి,

మీరు ఆగమన్నారు. నేను ఆగలేదు. కోప్పడతారని తెలిసే రాస్తున్నాను.

మా పక్క వీధిలో డొరతీ అని ఒకావిడ ఉంది. ఓక్ స్ట్రీట్ స్కూల్‌లోనే పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరైంది. ఈ ఊళ్లో సగంమందికి ఆవిడే అక్షరాలు దిద్దించింది. ఒక రోజు ఇంకో ముగ్గురు ఆడవాళ్లని వెంటబెట్టుకుని మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. సెప్టెంబర్‌లో స్కూల్ బోర్డుకి ఎలక్షన్ ఉంది, నువ్వు నిలబడాలి అంది. నేను నవ్వాను. వాళ్లెవరూ నవ్వలేదు. "నీకు సిటిజన్‌షిప్ ఉందిగా, నోరు కూడా ఉంది. ఇంకేం కావాలి?" అంది డొరతీ.

మీ తమ్ముణ్ని అడిగాను. పేపర్ దించకుండా "నీ ఇష్టం" అన్నారు. వద్దన్నా బాగుండేది, కావాలన్నా బాగుండేది.

ఇప్పుడు రోజూ సాయంత్రం చీర మీద టెన్నిస్ బూట్లు వేసుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒక ఇంట్లో ముసలాయన జాలీ తలుపు వెనక నుంచే "ఏం అమ్ముతున్నావు?" అని అడిగాడు. "ఏమీ అమ్మడం లేదు, ఓటు అడగడానికి వచ్చాను" అన్నాను. "అదీ అమ్మకమే" అని తలుపు తీసి, నిమ్మరసం ఇచ్చి, మీ ఊళ్లో వానలు ఎప్పుడు పడతాయని అడిగాడు. చీకటి పడేదాకా వానల గురించే మాట్లాడుకున్నాం. ఓటు వేస్తానని మాత్రం అనలేదు. ఇంకో ఇంట్లో నా మొహం చూడగానే టీవీ కట్టేసి, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊరుకున్నారు.

స్కూల్‌లో బిల్డింగ్‌ని వేడి చేసే బాయిలర్ పాతబడింది, అది మార్చడం అయ్యే పని కాదు అని బోర్డు వాళ్లు ప్రచారం చేస్తున్నారు. అదంతా మూసెయ్యడానికి సాకని నేను ప్రతి గుమ్మంలోనూ చెబుతున్నాను. నిన్నమొన్నటిదాకా బాగానే పనిచేసిన బాయిలర్ ఈ ఏడాదే పాతబడిందా?

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను వదినా. తిరుగుతుంటేనే ప్రాణానికి సుఖంగా ఉంది. మీ తమ్ముడు వచ్చే వారం నార్త్ కరోలినాలో ఏదో మీటింగ్ ఉందని వెళ్తున్నారు. పెట్టెలో సూట్ పెట్టుకున్నారు. బోటనీ వాళ్ల మీటింగ్‌కి సూట్ ఎందుకో!

పద్మిని


నోవై
జూలై 1981

పద్మినీ,

నీ ఉత్తరం అందింది. చెప్పాల్సింది సూటిగా చెబుతాను. నీ పేరు వెనక్కి తీసుకో. ఇంకా టైం ఉంది కదా, ఆరోగ్యం బాగాలేదని చెప్పు. కావాలంటే సర్టిఫికెట్ నేనే రాసి పంపిస్తాను.

నువ్వు చేసేది తప్పని కాదు. నీకు ఆ శక్తి లేదనీ కాదు. వచ్చే ఏడాదికి ఎక్కడుంటారో తెలియని వాళ్లు ఊరి బాధ్యత నెత్తికెత్తుకోకూడదు. అంతకంటే నన్ను అడగకు. మొగుడి మొహం చూసి సగం అర్థం చేసుకోవాలి. నువ్వు ఊళ్లో వాళ్ల గుమ్మాలు చూస్తున్నావు.

పెద్దదాన్నిగా చెబుతున్నాను, విను.

వదిన


బెల్‌ఫోర్డ్
జూలై 1981

డాక్టర్ భానుమతిగారికి,

మీ ఉత్తరం అందినప్పుడు మీ తమ్ముడు లాన్ కోస్తున్నారు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. మెషీన్ ఆపలేదు. నేనే ఆపాను.

"వచ్చే ఏడాది మనం ఎక్కడుంటాం?" అని అడిగాను.

ఆయన నా చేతిలో కవరు చూశారు. "అక్క చెప్పిందా?" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. మార్చిలోనే టెన్యూర్ ఇవ్వం అన్నారట. ఇంకొక్క ఏడాది ఉండనిచ్చి పంపేస్తారట. నార్త్ కరోలినాకి వెళ్లింది ఇంటర్వ్యూకట. అక్కడ క్యారీ అనే ఊరి దగ్గర పురుగుమందుల కంపెనీ లాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారట. జనవరిలో చేరాలట. ఇన్ని 'ట'లు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. నా ఇంటి సంగతి నేను ఎవరో చెప్పగా విన్నట్టు రాయాల్సి వస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు సంతోషంగా తిరుగుతున్నావు. ఎలా చెప్పను?" అన్నారు. తప్పంతా నా సంతోషం మీదికి తోశారు.

డిపార్ట్‌మెంట్‌లో టైపిస్టుకి తెలుసు. ఆయన స్టూడెంట్లకి తెలుసు. మిషిగన్‌లో మీకు తెలుసు. నేను మాత్రం ఈ ఊరు నాదనుకుని, నేను ఇక్కడే ఉంటానని ఇంటింటికీ తిరిగి ఓట్లు అడిగాను. కర్టెన్లు వద్దన్నారే, అప్పుడైనా ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. మెడికల్ సర్టిఫికెట్ రాసిస్తానన్నారు. నాకేం జబ్బని రాస్తారు?

మీరు పెద్దవారు. ఇంతకంటే రాయను.

పద్మిని


నోవై
ఆగస్టు 1981

పద్మినీ,

నువ్వు నన్ను డాక్టర్‌గారూ అనడం ఇదే మొదటిసారి. సరే, పడతాను.

మార్చిలో సూర్యం ఫోన్ చేసి ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు నా ఎదుట ఏడవలేదు. "పద్మినికి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు" అని ఒట్టు పెట్టించుకున్నాడు. రేపు చెబుతాడు, ఎల్లుండి చెబుతాడు అని చూశాను. ప్రతి ఆదివారం అడిగేదాన్ని. ప్రతి ఆదివారం ఇంకో వారం అనేవాడు.

నేను వాణ్ని గట్టిగా తిట్టలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. జనవరిలో మీ అన్నయ్యగారి సెక్షన్ మొత్తాన్ని కంపెనీ వాళ్లు తీసేశారు. కార్ల నుంచి వచ్చే పొగని కొలిచి, అందులో ఏ విషం ఎంత ఉందో చెప్పే పని ఆయనది. ఇప్పుడు డెట్రాయిట్‌లో కార్లే అమ్ముడుపోవడం లేదు, పొగ ఎవరికి కావాలి? గరాజ్ సర్దుతున్నారని నీకు రాశాను. ఆ సర్దడం ఎప్పుడో అయిపోయింది. రోజూ పొద్దున్నే టై కట్టుకుని కార్‌లో బయటికి వెళ్తారు. సాయంత్రం నేను వచ్చే వేళకి తిరిగి వస్తారు. ఎక్కడికి వెళ్తారో నేను అడగను, ఆయన చెప్పరు. ఇక్కడి తెలుగువాళ్లెవరికీ తెలియదు. పార్టీల్లో "ఆఫీస్ ఎలా ఉందండీ" అని అడిగితే "బిజీ" అంటారు. పక్కనే నేను ప్లేటులో అన్నం కలుపుతూ ఉంటాను.

ఇద్దరు మగవాళ్లు ఒకేసారి ఇలా అయితే ఎవరి సంగతి ఎవరికి చెప్పను? అందుకే రెండు ఇళ్ల మీదా మూత పెట్టాను.

ఇంత చెప్పాక కూడా నా మాట మార్చుకోను. ఆ పోటీ మానెయ్. సూర్యంతో వెళ్లు. వాడొక ఊళ్లో, నువ్వొక ఊళ్లో ఉంటే అది సంసారమేనా? రేణు సంగతేమిటి?

కోపం తగ్గాకే జవాబు రాయి.

భానుమతి


బెల్‌ఫోర్డ్
అక్టోబర్ 1981

వదినగారికి,

కోపం తగ్గలేదు. కానీ అన్నయ్యగారి సంగతి చదివాక ఊరుకోలేకపోయాను. మీరు ఒక్కరూ ఇన్నాళ్లు ఎలా మోశారు? చెబితే నేను ఏం చెయ్యగలిగేదాన్నో తెలియదు. వారానికొక ఫోన్ అయినా చేసేదాన్ని.

నేను గెలిచాను. ముందు అది చెప్పాలి.

పోటీ నుంచి తప్పుకోలేదు, కానీ అబద్ధంతో నిలబడలేకపోయాను. ఎలక్షన్‌కి ముందు లైబ్రరీలో అందరినీ మాట్లాడమన్నారు. నా వంతు రాగానే చెప్పేశాను. "నా భర్తకి ఈ కాలేజీలో ఉద్యోగం పోతోంది. జనవరిలో ఆయన వేరే రాష్ట్రానికి వెళ్తారు. నన్ను ఎన్నుకుంటే నా టర్మ్ అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను. నమ్మితే ఓటు వెయ్యండి, నమ్మకపోతే వద్దు." మీ తమ్ముడు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన రహస్యం నేను నలుగురిలో పెట్టాను. కావాలని పెట్టానా అంటే, కొంత కావాలనే.

ఇంటికి వస్తుంటే కార్‌లో "టర్మ్ అంటే మూడేళ్లు" అన్నారు.

"తెలుసు" అన్నాను.

"రేణు?"

"నాతో ఉంటుంది. సెలవుల్లో మీ దగ్గరికి వస్తుంది."

ఓటింగు రోజున ఆయన నా కంటే ముందే తయారై కార్ స్టార్ట్ చేసి కూర్చున్నారు. ఎవరికి వేశారో నేను అడగలేదు.

ఓక్ స్ట్రీట్ సంగతి జనవరిలో ఓటుకి వస్తుంది. మా వైపు నలుగురం ఉన్నాం, వాళ్ల వైపు ముగ్గురు. స్కూలు నిలబడ్డట్టే అని డొరతీ కేక్ చేసి తెచ్చింది. కానీ నాకు నిలకడ లేదు. రాత్రి తలుపు వేశానా లేదా అని లేచి చూసినట్టు, పగలంతా ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది.

చలి అప్పుడే మొదలైంది. స్కూల్‌లో బాయిలర్ వెలిగించారు. కిండర్‌గార్టెన్ పిల్లలకి ఏవో జలుబులు పట్టుకున్నాయి. తలనొప్పి అంటారు, తిండి ముట్టరు, కడుపులో తిప్పుతోందంటారు. మొన్న ఇద్దరు బల్ల మీదే నిద్రపోయారు. వాళ్ల టీచర్‌కి కూడా తలనొప్పే. మీరు దగ్గరుంటే చూపించేదాన్ని.

పద్మిని


నోవై
అక్టోబర్ 1981, శనివారం

పద్మినీ,

ఈ కాగితం మీ అన్నయ్యగారి చేతికిచ్చి పంపుతున్నాను. నిన్న సాయంత్రం ఫోన్‌లో చెప్పిందే మళ్లీ రాస్తున్నాను, మీ ప్రిన్సిపాల్‌కి చూపించడానికి పనికొస్తుంది.

నేను అడిగినదానికి నువ్వు చెప్పిన జవాబులు ఇవి. తలనొప్పులు బాయిలర్ వెలిగించాకే మొదలయ్యాయి. ఎవరికీ జ్వరం లేదు. శని ఆదివారాలు ఇంట్లో ఉంటే తగ్గిపోయి, సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ వస్తున్నాయి. ఆ గది సరిగ్గా బాయిలర్ పైన ఉంది. పిల్లల డాక్టరుగా చెబుతున్నాను, ఇది జలుబు కాదు. బాయిలర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. అది గదిలోకి వస్తోందని నా అనుమానం. తేలేదాకా ఒక్క పిల్లాణ్ని కూడా ఆ బిల్డింగ్‌లో అడుగు పెట్టనివ్వకు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అన్నయ్యగారితో అన్నాను. ఆయన లేచి పాత కొలీగ్‌కి ఫోన్ చేశారు. పొగ కొలిచే గాజు గొట్టాలు, పంపు అడిగి తెచ్చుకున్నారు. ఇదిగో, బయలుదేరుతున్నారు. టై కట్టుకోలేదు.

ఆయనకి కారం తగ్గించి పెట్టు.

భానుమతి


బెల్‌ఫోర్డ్
నవంబర్ 1981

వదినా,

అన్నయ్యగారు ఫోన్‌లో మీకు కొంత చెప్పే ఉంటారు. మిగతాది నేను చెప్పాలి.

ఆదివారం పొద్దున ప్రిన్సిపాల్, స్కూల్ చూసుకునే పనివాడు, నేను, మీ తమ్ముడు, అందరం వెళ్లాం. పనివాడు బాయిలర్ వెలిగించాడు. బిల్డింగ్ వేడెక్కేదాకా ఆగి అన్నయ్యగారు కింది నుంచి మొదలుపెట్టారు. గాజు గొట్టం కొన విరవడం, పంపు నొక్కడం, విషవాయువుకి లోపలి పొడి రంగు మారిందా అని వెలుతురులో పట్టుకుని చూడటం. కింద గదిలో మారింది. మెట్ల మీద మారింది. కిండర్‌గార్టెన్ గదిలో, పిల్లలు మధ్యాహ్నం పడుకునే చాపల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పంపు నొక్కారు. మారింది. ఆయన నా వైపు చూసి "అమ్మా, బాయిలర్ ఆర్పించు. అందర్నీ బయటికి పంపు" అన్నారు. పొగ గొట్టం గోడ వెనక తుప్పు పట్టి చిల్లులు పడిందట. బాయిలర్ కూడా పగిలిందట. అతుకులు వేసి నడిపేది కాదన్నారు.

అది సాకని ఊరంతా తిరిగి చెప్పింది నేనే వదినా.

ఇంటికి వచ్చేసరికి డొరతీ మా వంటింట్లో ఉంది. విషయం విని కుర్చీలో కూలబడింది. "ఒక పని చేద్దాం. ఆ గది పిల్లల్ని జిమ్‌లో కూర్చోబెడదాం. కిటికీలు తెరిచి ఉంచుదాం. ప్రిన్సిపాల్ నా మాట కాదనరు, క్రిస్మస్ సెలవుల్లో ఇంకెవరికీ తెలియకుండా బాగు చేయిద్దాం. జనవరిలో ఓటు అయిపోనీ" అంది.

"అయోవా చలిలో కిటికీలు తెరిచా?" అన్నాను.

"పద్మినీ, ఇప్పుడు నువ్వు ఫోన్ ఎత్తితే ఆ స్కూల్ అయిపోయినట్టే. ఒకసారి ఖాళీ అయితే మళ్లీ తెరవరు."

నాకు తెలుసు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎన్ని గుమ్మాలు ఎక్కానో, ఎంతమంది నన్ను నమ్మారో, అవన్నీ కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు మీ తమ్ముడు గోడ దగ్గరికి వెళ్లారు. ఫోన్ బుక్‌లో ఊరి స్కూళ్లన్నీ చూసే సూపరింటెండెంట్ నంబర్ వెతికి, తానే డయల్ చేసి, రిసీవర్ నా చేతికిచ్చారు. నేను చెప్పాను.

డొరతీ కోటు తీసుకుని వెళ్లిపోయింది. తలుపు కూడా వెయ్యలేదు.

సోమవారం స్కూల్ తెరవలేదు. ఆ వారంలోనే బోర్డు అత్యవసర మీటింగ్ పెట్టారు. పిల్లలందర్నీ వెంటనే ఊరి అవతలి స్కూల్‌కి మార్చాలని ప్రతిపాదించింది నేను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. అందరూ చేతులెత్తారు. హాల్లో ఎవరో "ఇందుకేనా నీకు ఓటేసింది?" అని అరిచారు. జవాబు చెబుదామని లేచాను. మళ్లీ కూర్చున్నాను.

ఊళ్లో మిగతా స్కూళ్లు కూడా పరీక్ష చెయ్యమని సూపరింటెండెంట్ అన్నయ్యగార్ని అడిగారు. అందుకే ఆయన ఇంకా మా సోఫా మీదే ఉన్నారు. రేణు పొద్దున్నే లేచి "మావయ్యా, కెన్ ఐ హోల్డ్ ది గొట్టం?" అని వెంటబడుతోంది.

పద్మిని


నోవై
డిసెంబర్ 1981

పద్మినీ,

మీ అన్నయ్యగారు ఇల్లు చేరినప్పటి నుంచీ నాతో పోట్లాడుతున్నారు. పప్పులో ఉప్పు లేదంటారు. నా డ్రైవింగ్ బాగాలేదంటారు. ఎంత కాలమైందో ఈ మనిషి ఈ ఇంట్లో గొంతెత్తి. నేను కూడా గట్టిగానే జవాబు చెప్పాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను. మొన్న ఒక పార్టీలో "ఆఫీస్ ఎలా ఉంది?" అని ఎవరో అడిగితే, "ఉద్యోగం పోయి ఏడాది కావస్తోంది" అన్నారు. అడిగినాయన ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "నాది కూడా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ బేస్‌మెంట్‌లో కూర్చుని పైకి రాలేదు.

ఇక నీ సంగతి. నిన్ను ఆ పోటీ మానెయ్యమన్నాను. నువ్వు మానేసి ఉంటే ఆ పిల్లల తలనొప్పులు నాకు ఎవరు రాసేవారు? అలాగని ఇప్పుడు నువ్వు ఆ ఊళ్లో ఒక్కదానివే ఉండటం నాకు ఇష్టమని కాదు. ఇష్టం లేదు. కాకపోతే మానెయ్యమని చెప్పే నోరు నాకు లేదు.

సూర్యం నిన్న ఫోన్ చేశాడు. "పద్మినితో చెప్పకు" అని మొదలుపెట్టాడు. "అయితే నాతో కూడా చెప్పకు" అని పెట్టేశాను.

వదిన


బెల్‌ఫోర్డ్
జనవరి 1982

వదినా,

మీ తమ్ముడు వెళ్లారు.

బయలుదేరే ముందు వారమంతా ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. బల్బులు మార్చారు. కుళాయి కారుతుంటే బాగుచేశారు. మంచు తీసే పార ఎక్కడుందో నాకు మళ్లీ మళ్లీ చూపించారు. రేణుని ఒళ్లో కూర్చోబెట్టుకుందామంటే అది పెద్దదైపోయింది, మోకాళ్లు బల్లకి తగిలాయి. "డాడీ, యూ ఆర్ స్క్విషింగ్ మీ" అంటూనే దిగలేదు.

ఊరు ఇంకా నన్ను క్షమించలేదు. కొంతమంది కూరల కొట్లో నన్ను చూసి పక్క వరసలోకి తప్పుకుంటారు. ఓక్ స్ట్రీట్ స్కూల్ కిటికీలకి చెక్కలు కొట్టేశారు. పొద్దున బస్సు స్టాప్ దగ్గర పిల్లలతో నిలబడుతున్నాను. కొత్త స్కూల్‌లో తైవాన్ పిల్లాడు మళ్లీ మూగవాడైపోయాడు. నేను బోర్డులో ఉండి విదేశీ పిల్లలకి అక్కడ ఒక ఇంగ్లీష్ టీచర్‌ని పెట్టించాలి. అందుకే ఉంటున్నాను. అందుకే అని అందరికీ చెబుతున్నాను. ఇంకేదైనా ఉందేమో నాకింకా తెలియదు.

నిన్న పోస్టాఫీసులో డొరతీ ఎదురైంది. తప్పుకోలేదు. "నేనైతే ఆ ఫోన్ చేసేదాన్ని కాదు. ఆ సంగతే నన్ను స్థిమితంగా ఉండనివ్వడం లేదు" అంది. నేను ఏదో అనేలోపే వెళ్లిపోయింది. ఆవిడ నాతో మళ్లీ స్నేహంగా ఉంటుందో ఉండదో తెలియదు.

వెళ్లే రోజు కార్ దగ్గర నిలబడి మీ తమ్ముడు "కోపం పోయిందా?" అని అడిగారు.

"లేదు" అన్నాను. "చేరగానే ఫోన్ చెయ్యండి."

కార్ మలుపు తిరిగేదాకా చూశాను. లోపలికి వచ్చి చేసిన పనే మళ్లీ చేశాను. అంట్లు రెండుసార్లు కడిగాను.

ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఎలా ఉంది?" అన్నాను.

"బావుంది" అన్నారు, ఎప్పటిలాగే.

లైన్ మీద గాలి చప్పుడు ఒకటే వినిపిస్తోంది. పెట్టేస్తారేమో అనుకున్నాను.

"లేదు పద్మినీ" అన్నారు. "బాలేదు. లాబ్‌కి కిటికీలు లేవు. నా పేరు ఎవరికీ పలకడం రావడం లేదు. మధ్యాహ్నం కార్‌లో ఒక్కణ్నే కూర్చుని తిన్నాను. భయమేసింది."

నేను గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చున్నాను.

"లాంగ్ డిస్టెన్స్. బిల్లు పెరుగుతుంది" అన్నారు.

"పెరగనివ్వండి" అన్నాను. "చెప్పండి."

పద్మిని